క్యోటో 3 రోజులు: అత్తగారు, పదేళ్ల పిల్లాడు, కార్తీక మాసం (సలహా కావాలి)

శైలజ_బెజవాడ
అక్టోబరు 4, రాత్రి 9:12

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మావారికి నవంబరులో ఒసాకాలో వారం రోజులు ఆఫీసు పని. అది 17వ తేదీతో అయిపోతుంది. ఆ వంకతో మేమూ వెళ్తున్నాం: నేను, మా అబ్బాయి (పదేళ్లు), మా అత్తగారు (68, మోకాళ్ల నొప్పి, శుద్ధ శాకాహారం). క్యోటోలో మూడు రాత్రులు ఉండాలని ఉంది. నవంబరు 21 శుక్రవారం నుంచి 24 సోమవారం దాకా అనుకుంటున్నాం. ఎర్ర ఆకులు అప్పుడే బాగుంటాయట కదా.

నేను వేసుకున్న ప్లాను:
మొదటి రోజు: కింకాకుజి (బంగారు గుడి), ర్యోఆన్‌జి, నిజో కోట, రాజప్రాసాదం, గియోన్.
రెండో రోజు: ఫుషిమి ఇనారి, కియోమిజు, వెండి మండపం, తాత్వికుల బాట, నాన్‌జెన్‌జి, నిషికి బజారు.
మూడో రోజు: అరషియామా వెదురు వనం, కోతుల కొండ, ఉజి, నారా.

ఎక్కువైందా? అత్తగారి భోజనం సంగతే పెద్ద దిగులు. ఆవిడది చేబ్రోలు పుట్టిల్లు, ఆచారం గట్టిది. కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు.

---

నగోయా_నాని
అక్టోబరు 4, రాత్రి 10:40

అక్కా, ఇది ప్లాను కాదు, ఎన్నికల ప్రచారం షెడ్యూలు.

ముందు తేదీలు మార్చండి. నవంబరు 23 జపాన్‌లో సెలవు. ఈసారి ఆదివారం పడింది గనుక సోమవారం 24 కూడా సెలవిస్తారు. 22, 23, 24 వరసగా మూడు రోజులు, పైగా ఆకులు ఎర్రబడే వారం. దేశంలో సగం మంది క్యోటోలోనే ఉంటారు. హోటలు రేట్లు ఒకసారి చూడండి, మీకే అర్థమవుతుంది. బావగారి పని 17తో అయిపోతే 18 మంగళవారం వెళ్లి 21 శుక్రవారం బయటపడండి. ఆకులు అప్పటికి కొన్ని చోట్ల సగమే తిరిగి ఉంటాయి. ఫరవాలేదు.

రెండోది, నవంబరు మూడో వారంలో సాయంత్రం 5 లోపే పొద్దు గుంకుతుంది. గుళ్లు ఎక్కువ భాగం నాలుగున్నర, ఐదుకి మూసేస్తారు. మీ లిస్టులో రోజుకి ఐదారున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలుపెట్టినా చేతిలో ఉండేది ఎనిమిది గంటలు. అందులో మూడు గంటలు బస్సు కోసం నిలబడటానికే.

---

సూట్‌కేసు_సూరి
అక్టోబరు 4, రాత్రి 11:05

మేం 2019లో రెండు రోజుల్లో 16 చూశాం. అంత భయపెట్టక్కర్లేదు. జేఆర్ (జపాన్ రైల్వే) పాస్ తీసుకోండి, ఎక్కడికైనా తిరగొచ్చు. కింకాకుజి మాత్రం వదలొద్దు, క్యోటో అంటేనే అది.

---

నగోయా_నాని
అక్టోబరు 4, రాత్రి 11:21

సూరి అన్నా, 2019 వేరు. అప్పుడు వారం పాస్ 29 వేల చిల్లర యెన్లు. 2023 అక్టోబరులో ఒక్కసారిగా 50 వేలు చేశారు. ఒసాకా నుంచి క్యోటోకి మామూలు జేఆర్ ఫాస్ట్ బండి ఉంది, షింకాయ్‌సోకు అంటారు. అరగంట, 580 యెన్లు. దానికి 50 వేల పాస్ ఎందుకు? ఇకోకా కార్డు (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) ఒకటి తీసుకుని గేటు దగ్గర తాకించడమే.

రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు అనే బస్సు పాస్ కూడా ఇప్పుడు లేదు. బస్సులు కిక్కిరిసిపోతున్నాయని ఊరివాళ్లు మొత్తుకుంటే తీసేశారు. మెట్రో, బస్సు కలిపి ఒకటుంది, 1,100 యెన్లు.

---

ఓరుగల్లు_బిడ్డ
అక్టోబరు 5, పొద్దున 7:30

నాని చెప్పింది కరెక్టే. మేము పోయినేడు పోయినం. కింకాకుజికి బస్సుల నిలవడి నిలవడి మా అమ్మ కాళ్లు గుంజినయ్. తీరా లోపలికి పోతే చెరువు అవతల బంగారి రంగు ఇల్లు, ఇవతల జనం. లోపలికి పోనియ్యరు. ఇరవై నిమిషాలల్ల బయటికొచ్చినం.

అక్కా, టాక్సీ సంగతి ఎవ్వరు చెప్తలేరు. సిటీ బస్సు మనిషికి 230 యెన్లు, పిల్లగానికి 120. మీరు నలుగురికి 810 అయితది. దగ్గరి దూరమైతే టాక్సీకి వెయ్యి, పదిహేను వందలు. అత్తమ్మ ఉన్నది గదా, ఆ తేడా చూడొద్దు. ఒక్క ముచ్చట: టాక్సీ తలుపు దానంతట అదే తెర్సుకుంటది. మీరు గుంజకుండ్రి, డ్రైవర్లకు పానం పోతది.

---

రిటైర్డ్_మాస్టారు
అక్టోబరు 5, ఉదయం 9:15

అమ్మా శైలజా, నేను 34 ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. జపాన్ రెండుసార్లు వెళ్లాను, మా అమ్మాయి అక్కడ ఉంది కనుక.

కింకాకుజి గురించి ఒక మాట. ఇప్పుడున్న కట్టడం 1955 నాటిది. పాతది 1950లో ఒక యువ సన్యాసి నిప్పుపెడితే కాలిపోయింది. దానివల్ల చూడకూడదని కాదు. అక్కడ కట్టెతో కట్టిన ఊరు కాలడం, మళ్లీ అచ్చం అలాగే కట్టుకోవడం మామూలు. ఎంత పాతది అన్న ప్రశ్నకు వాళ్ల లెక్కే వేరు.

ఊరు మటుకు 794లో రాజధానిగా కట్టిందే. చైనాలోని చాంగాన్ నగరాన్ని చూసి చదరంగపు గళ్లలా వీధులు గీశారు. 1945లో అణుబాంబు వేయాల్సిన ఊళ్ల జాబితాలో క్యోటో కూడా ఉండేది. అమెరికా యుద్ధమంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని తీయించాడు.

మీ జాబితాలో నాకు కనిపించని రెండు గుళ్ల పేర్లు చెబుతాను: సంజూసంగెన్‌దో, తోజి. మీ అత్తగారిని ఈ రెండింటికీ తప్పకుండా తీసుకెళ్లండి. కారణం తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు టిఫినుకి పిలుస్తున్నారు.

---

ఒసాకా_కోడలు
అక్టోబరు 5, మధ్యాహ్నం 1:48

శైలజగారూ, నేను పన్నెండేళ్లుగా ఇక్కడే. భోజనం సంగతి నేను చెబుతాను, మిగతాది మగవాళ్లు కొట్టుకోనివ్వండి.

వెజిటేరియన్ అంటే ఇక్కడ చాలామందికి "మాంసం ముక్క లేనిది" అని అర్థం. చేప వాళ్ల లెక్కలో మాంసం కాదు. ఇంకా పెద్ద చిక్కు దాషి. మనకి పోపు ఎలాగో వాళ్లకి దాషి అలాగ, అన్నిటికీ అదే పునాది. ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. మిసో సూప్, ఊదోన్ (లావు నూడుల్స్) నీళ్లు, ఉడికించిన కూరలు, ఆఖరికి ఇనారి సుషీలో తోఫూ తొడుగు కూడా. కంటికి కనిపించదు.

ఫోనులో ఈ మాట పెట్టుకుని చూపించండి: "నికు మో సకనా మో తబెమసెన్. కత్సుఒ దాషి మో దమె దెస్." మాంసం, చేప తినం, చేప దాషి కూడా వద్దు అని. నోటితో చెప్తే నవ్వి తలూపుతారు. రాత చూపిస్తే వంటగదిలోకి వెళ్లి కనుక్కొని వస్తారు.

ఇంక శుభవార్త. మీ అత్తగారి కార్తీక నియమం, ఇక్కడి జెన్ సన్యాసుల నియమం ఒకటే! షోజిన్ ర్యోరి అని గుడి భోజనం ఉంటుంది. మాంసం, చేప లేవు సరికదా, ఉల్లి, వెల్లుల్లి లాంటి ఘాటు కూరలు ఐదింటిని నిషేధించారు. అరషియామాలో తెన్ర్యూజి గుడి ఆవరణలోనే షిగెత్సు అని భోజనశాల ఉంది. మధ్యాహ్నం మాత్రమే. నవంబరు కాబట్టి ఇవాళే బుక్ చేసుకోండి.

---

పప్పుచారు
అక్టోబరు 5, మధ్యాహ్నం 2:30

కోడలు గారూ, దాషి సంగతి నాకు తెలీదు. పోయిన ట్రిప్పులో రోజూ రెండు పూటలా మిసో సూప్ తాగాను, సోయా కదా అని. మా నాన్నగారికి ఈ చర్చ చూపించను.

---

ఒసాకా_కోడలు
అక్టోబరు 5, మధ్యాహ్నం 2:41

తెలియక తాగినదానికి దోషం లేదు లెండి. 🙂

శైలజగారూ, కన్వీనియన్స్ స్టోర్లలో ఉత్త అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే చాలు. అన్నం ముద్దగా ఉంటుంది, పెరుగన్నానికి బ్రహ్మాండం. పెరుగు కొనేటప్పుడు మాత్రం వెనక చూడండి, కొన్నిట్లో జెలటిన్ కలుపుతారు. ప్లెయిన్ అని ఉన్నవి ఎక్కువ భాగం ఫరవాలేదు.

---

శైలజ_బెజవాడ
అక్టోబరు 5, రాత్రి 8:20

అయ్యో ఇన్ని సమాధానాలా! తేదీలు మార్చాం: 18 మధ్యాహ్నం క్యోటో, 21 రాత్రి కాన్సాయ్ నుంచి విమానం. హోటలు స్టేషను పక్కనే. మావారు రేటు చూసి "నాని ఎవరో గానీ నీ తమ్ముడనే చెప్పు" అన్నారు.

షిగెత్సులో 20వ తేదీకి దొరికింది. అది కార్తీక అమావాస్య! అత్తగారికి చెబితే "సన్యాసుల వంటా? అయితే నీకంటే శుభ్రంగానే చేస్తారు" అన్నారు. పొగిడారో తిట్టారో ఇంకా తేల్చుకోలేదు.

రెండు ప్రశ్నలు. చిన్న ట్రావెల్ కుక్కర్ ఉంది, తీసుకెళ్లొచ్చా? ఆవకాయ, కరివేపాకు పట్టుకెళ్లొచ్చా?

---

వైజాగ్_ట్రాన్స్‌ఫార్మర్
అక్టోబరు 5, రాత్రి 9:02

కుక్కర్ ప్రశ్నకి నేనున్నాను. వద్దండీ. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. మన కుక్కర్ 230కి చేసింది. వేడి వోల్టేజీకి వర్గంలో తగ్గుతుంది, అంటే అయిదో వంతు కూడా రాదు. 500 వాట్ల కుక్కర్ వంద లోపు వాట్లకి పడిపోతుంది. పొద్దున బియ్యం పోసి ఊరు తిరిగొస్తే నానబెట్టిన బియ్యం ఉంటాయి.

ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లకి బాధ లేదు, 100 నుంచి 240 అని వాటి మీదే రాసి ఉంటుంది. రెండు చదును పిన్నుల అడాప్టర్ ఒకటి కొనుక్కోండి.

---

నగోయా_నాని
అక్టోబరు 5, రాత్రి 9:30

పచ్చి కరివేపాకు వద్దు. తాజా ఆకులు, పళ్లు, కూరగాయలకి మొక్కల ఆరోగ్య పత్రం ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు. మాంసం పచ్చళ్లు అసలు కుదరదు. మా మామయ్య కోడి పచ్చడి అక్కడే సమాధి అయింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు మేమంతా తెస్తూనే ఉంటాం. గట్టిగా సీలు వేయించి చెకిన్ సామానులో పెట్టండి.

మందులు చూసుకోండి. ముక్కు దిబ్బడ మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ మోతాదు ఎక్కువున్నవి ఇక్కడ నిషేధం. అత్తయ్యగారి మాత్రలు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి.

---

ఒసాకా_కోడలు
అక్టోబరు 5, రాత్రి 9:33

గోంగూర అన్నారా ఎవరో?

---

శైలజ_బెజవాడ
అక్టోబరు 5, రాత్రి 9:40

మీకొక సీసా తెస్తానండీ. మావారు ఒసాకాలోనే కదా ఉండేది.

---

వెటకారం_వెంకట్
అక్టోబరు 5, రాత్రి 10:15

అంత డబ్బు తగలేసి చలిలో గుళ్లు చూడ్డానికి జపాన్ దాకానా? శ్రీశైలం వెళ్తే పుణ్యమైనా వస్తుంది.

---

శైలజ_బెజవాడ
అక్టోబరు 5, రాత్రి 10:22

శ్రీశైలం పోయిన నెలే వెళ్లొచ్చామండీ. మీరు చెప్పారని మళ్లీ వెళ్తాం.

---

రిటైర్డ్_మాస్టారు
అక్టోబరు 6, ఉదయం 6:50

నిన్న చెబుతానన్న కారణం.

సంజూసంగెన్‌దో సుమారు 120 మీటర్ల పొడవున్న ఒకే ఒక్క హాలు. 1266లో తిరిగి కట్టింది. లోపల 1,001 కన్నోన్ విగ్రహాలు వరసలు కట్టి నిలబడి ఉంటాయి. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడు. జనం వాటినే చూస్తారు. మీరు వాటి ముందు నిలబెట్టిన 28 మంది పరివార దేవతల్ని చూడండి. ముక్కుతో, రెక్కలతో వేణువు ఊదుతున్నవాడు కరుర, అంటే గరుడుడు. తాయ్‌షాకు ఇంద్రుడు, బోన్‌తెన్ బ్రహ్మ. పేర్లు చైనా మీదుగా వెళ్లి నలిగిపోయాయి గానీ మనవాళ్లే.

అమ్మా, మీ అత్తగారిది చేబ్రోలన్నావు. చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు! అయితే తోజి చూసి తీరాలి. క్యోటో స్టేషను నుంచి పావుగంట నడక. 55 మీటర్ల అయిదంతస్తుల గోపురం, జపాన్‌లో కట్టెతో కట్టిన గోపురాల్లో అదే ఎత్తు. 823లో చక్రవర్తి ఆ గుడిని కూకాయ్ అనే ఆచార్యుడి చేతికిచ్చాడు. అక్కడి ఉపన్యాస మండపంలో 21 విగ్రహాలున్నాయి, 839లో ప్రతిష్ఠించారు. ఒక చివర ఏనుగు మీద ఇంద్రుడు. ఇంకో చివర నాలుగు ముఖాల బ్రహ్మ, హంసల మీద. ఆపైన నేను చెప్పను, ఆవిడే చూస్తారు.

ఇంకొకటి. ఆ గుళ్లలో చెక్కల మీద, రాళ్ల మీద వంకర టింకరగా ఒక లిపి కనిపిస్తుంది, జపాన్‌వాళ్లే చాలామంది చదవలేరు. అది సిద్ధం లిపి, సంస్కృత బీజాక్షరాలు. బ్రాహ్మీ నుంచి పుట్టిందే, మన తెలుగు లిపిలాగే. అక్కచెల్లెళ్ల పిల్లలన్నమాట.

---

ఓరుగల్లు_బిడ్డ
అక్టోబరు 6, పొద్దున 8:10

మాస్టారూ, నేను తోజి ముంగట నుంచే రోజు నడిచిన, లోపలికి పోలే. ఇప్పుడు చదివితే కడుపు మండుతుంది.

---

నగోయా_నాని
అక్టోబరు 6, ఉదయం 8:45

అక్కా, ఇంకో విషయం తగిలింది. ప్రతి నెలా 21న తోజిలో సంత జరుగుతుంది, కోబో-సాన్ అంటారు, కూకాయ్ పేరు మీద. తెల్లవారుజామునే మొదలవుతుంది. పాత కిమోనోలు, పింగాణీ, పచ్చళ్లు, మొక్కలు, ఇనుప సామాను. మీరు వెళ్లిపోయే రోజు 21!

ఇప్పుడు నా ప్లాను. ఒక రోజు ఒకే దిక్కు, అంతే.

18 మంగళవారం: సామాను హోటల్లో పడేసి నేరుగా సంజూసంగెన్‌దో. నవంబరు 16 నుంచి 9 నుంచి 4 దాకానే తెరుస్తారు, కాబట్టి మూడు లోపు చేరండి. చదును నేల, అత్తయ్యగారికి సుఖం. లోపల ఫోటోలు తీయనివ్వరు.

19 బుధవారం: పొద్దున ఆరున్నరకి ఫుషిమి ఇనారి. జేఆర్ నారా లైనులో రెండో స్టేషను, దిగితే ఎదురుగా గుడే. 24 గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్టు లేదు. తొమ్మిదయితే తీర్థంలా ఉంటుంది, ఆరున్నరకి మీరూ నక్కలూ. (రాతి నక్కలు.) కొండ 233 మీటర్లు, పైదాకా ఎక్కక్కర్లేదు. అదే లైనులో ముందుకెళ్తే నారా. వెనక్కి రావద్దు, అట్నుంచి అటే వెళ్లిపోండి.

20 గురువారం: అరషియామా, పొద్దున్నే వెదురు వనం, మధ్యాహ్నం షిగెత్సు. సాయంత్రం ఓపికుంటే కియోమిజు. ఆ వారంలో రాత్రి దీపాలు పెట్టి తొమ్మిది దాకా తెరుస్తారు.

21 శుక్రవారం: తోజి సంత, తోజి గుడి. సామాను తీసుకుని హరుకా బండి ఎక్కితే గంటా పావు, గంటా ఇరవైలో కాన్సాయ్ ఎయిర్‌పోర్టు.

కింకాకుజి లేదు. ఏడవకండి.

---

సూట్‌కేసు_సూరి
అక్టోబరు 6, ఉదయం 9:20

నాలుగు రోజుల్లో ఆరు చోట్లా? దీనికి జపాన్ వెళ్లడం ఎందుకు, ఇంట్లో కూర్చుని వీడియోలు చూడొచ్చు. క్యోటో వెళ్లి బంగారు గుడి చూడలేదంటే ఊళ్లో నవ్వుతారు.

---

పప్పుచారు
అక్టోబరు 6, ఉదయం 9:31

సూరి గారూ, మీరు చూసిన 16లో ఏడు పేర్లు చెప్పండి, ఫోను చూడకుండా.

---

సూట్‌కేసు_సూరి
అక్టోబరు 6, ఉదయం 11:58

కింకాకుజి, ఫుషిమి, వెదురు, కియోమిజు, కోట. గియోన్. ఇంకొకటి వెండిది, కానీ దాని మీద వెండి లేదు.

---

పప్పుచారు
అక్టోబరు 6, మధ్యాహ్నం 12:03

రెండున్నర గంటలు పట్టింది. 😄

---

రిటైర్డ్_మాస్టారు
అక్టోబరు 6, మధ్యాహ్నం 12:40

సూరి గారు గియోన్ గుర్తుపెట్టుకున్నారు, సంతోషం. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? బుద్ధుడు ఎన్నో వానాకాలాలు గడిపిన శ్రావస్తిలోని జేతవన విహారాన్ని జపాన్‌లో గియోన్-షోజా అంటారు. దాని పొట్టి పేరే గియోన్. ఇప్పుడు జనం గెయిషాల కోసం కెమెరాలు పట్టుకుని తిరిగే వీధి పేరు జేతవనం! (అక్కడి ప్రైవేటు సందుల్లోకి వెళ్లవద్దు. పదివేల యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు.)

నారాలో మరొకటి. తోదాయ్‌జి మహాబుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసింది బోధిసేనుడు. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లి, అక్కణ్ణుంచి 736లో జపాన్ చేరాడు. ఆయన కన్ను దిద్దిన కుంచెకి పొడుగాటి దారాలు కట్టి, రాజకుటుంబం, జనం పట్టుకున్నారట. మన రథం తాడు పట్టుకున్నట్టు. ఆ మండపం రెండుసార్లు కాలింది, ఇప్పుడున్నది 1709 నాటిది, మొదటిదానికన్నా వెడల్పు మూడో వంతు తక్కువ. తక్కువే అయినా తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

---

ఒసాకా_కోడలు
అక్టోబరు 6, మధ్యాహ్నం 3:15

మాస్టారు చెప్పేవి చదువుతుంటే ఇన్నాళ్లూ ఇక్కడ ఉండి నేనేం చూశానా అనిపిస్తోంది.

బాబు కోసం: ఆ బుద్ధుడి వెనక ఒక స్తంభానికి అడుగున కన్నం ఉంటుంది, బుద్ధుడి ముక్కు కన్నం అంత. పిల్లలు దూరి అవతలికి వస్తారు. మీవారిని ప్రయత్నించనివ్వకండి. జింకల బిస్కెట్లు అమ్ముతారు, తల వంచితే అవి కూడా వంచుతాయి. బిస్కెట్టు చూపించి ఏడిపిస్తే కరుస్తాయి. కాగితాలు, చీర కొంగు, ఏదీ వదలవు.

అందరికీ ఒక జత మంచి సాక్సులు. చాలా గుళ్లలో చెప్పులు విప్పాలి, నవంబరులో చెక్క నేల ఐసులా ఉంటుంది. పొద్దున అయిదారు డిగ్రీలు. చెత్త వేయడానికి ఎక్కడా డబ్బా దొరకదు, సంచీలో ఒక కవరు ఉంచుకోండి.

---

శైలజ_బెజవాడ
అక్టోబరు 6, రాత్రి 9:50

ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఒక్క చిక్కు మిగిలింది. 21 శుక్రవారం పోలి పాడ్యమి. అత్తగారు ఏటా తెల్లారగట్ల కృష్ణలో అరటి దొప్ప మీద దీపాలు వదులుతారు. అక్కడ కామో నది ఉంది కదా, వదలొచ్చా అని అడుగుతున్నారు.

---

నగోయా_నాని
అక్టోబరు 6, రాత్రి 10:05

అక్కా, దయచేసి వద్దు. నదిలో ఏదీ వదలకూడదు, హోటలు గదిలో నిప్పు వెలిగించినా అలారం మోగి ఫైరింజను వస్తుంది. వంద యెన్ల షాపులో బ్యాటరీ దీపాలు దొరుకుతాయి. దేవుడు సర్దుకుంటాడు.

---

శైలజ_బెజవాడ
నవంబరు 27, రాత్రి 9:05

వచ్చేశాం. చెప్పకపోతే బాకీ ఉన్నట్టుంటుంది, అందుకని రాస్తున్నా.

18: సంజూసంగెన్‌దో. మూడుంబావుకి చేరాం. వరసగా అన్ని విగ్రహాలు చూసేసరికి మావాడు కూడా నోరు మూసుకున్నాడు, మా ఇంట్లో అది జరగని పని. అత్తగారు గరుత్మంతుణ్ణి చటుక్కున పట్టేశారు. "వేణువు కృష్ణుడిది కదా, ఈయన దగ్గరికెలా వచ్చింది?" అని అడిగారు. మాస్టారూ, దానికి మీరే జవాబు చెప్పాలి.

19: ఫుషిమికి ఆరుంబావు బండిలో వెళ్లాం. అప్పటికింకా పూర్తిగా తెల్లారలేదు. ఎర్ర తోరణాల కింద మేం నలుగురం, చీపురుతో ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దాయన. ఎక్కేటప్పుడు ఏమీ రాసిలేవు. వెనక్కి తిరిగితే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలు. మావారు ఫోనుతో చదివించారు. అన్నీ దాతల పేర్లు, కంపెనీల పేర్లు, తేదీలు! అత్తగారు: "ఓస్, మన గుళ్లో ఫ్యాను రెక్క మీద రాయిస్తారే, అదే." అది వరితల్లి గుడి అని తెలుసుకుని, ఆవిడ మెట్ల మొదట్లోనే బల్ల మీద కూర్చుని అష్టలక్ష్మి స్తోత్రంలో ధాన్యలక్ష్మి దగ్గర ఆపి మళ్లీ మళ్లీ చదువుకున్నారు. మేం ముగ్గురం సగం దాకా ఎక్కి దిగాం. ఎనిమిదిన్నరకి కిందకి వచ్చేసరికి స్టేషను నుంచి జనం నదిలా వస్తున్నారు.

నారాలో కోఫుకుజి గోపురం కనిపించలేదు, మరమ్మతు కోసం మొత్తం కప్పేశారు. జింక మావాడి చేతిలోంచి ఊరి పటం లాక్కుని మా కళ్ల ముందే నమిలేసింది. మాకు తోదాయ్‌జికి దారి కూడా అందులోనే ఉంది. ద్వారం దగ్గర ఎనిమిది మీటర్ల పైన ఎత్తున్న కాపలాదారులిద్దర్నీ చూసి జయవిజయులని పేరు పెట్టేశాడు. ముక్కు కన్నం దగ్గర అరగంట లైను, అయిదు సెకన్లలో దూరి వచ్చాడు. ఈ ట్రిప్పంతటికీ వాడికి అదే గొప్ప.

20: వెదురు వనం ఏడింటికి. బాగుంది, అంతకు మించి నాకేం అనిపించలేదు, తిట్టకండి. షిగెత్సు వేరే సంగతి. ఎర్ర లక్క గిన్నెలు, నేల మీద కూర్చుని తినడం. నువ్వుల తోఫూ, సోయా పాల మీగడ (యూబా), ఉడికించిన ముల్లంగి. అత్తగారు ప్రతి గిన్నే వాసన చూసి, తిని, చివరికి "ఉప్పు తక్కువ. కానీ చెయ్యి మంచిది" అన్నారు. ఇరవై ఏళ్లలో నా వంటకి ఆ రెండో మాట రాలేదు. మోకాళ్ల కోసం వాళ్లే అడిగి చిన్న పీట తెచ్చి ఇచ్చారు.

ఆ సాయంత్రం మావారు వీరావేశంతో కియోమిజు రాత్రి దీపాలకి బయల్దేరదీశారు. టాక్సీ కొండ మొదట్లోనే ఆగిపోయింది, పైన కదిలే చోటు లేదు. లైను చూసి అత్తగారు "నేను రాను, నన్ను మోసుకెళ్తే తప్ప" అన్నారు. వెనక్కి తిరిగి, దాల్చినచెక్క వాసన వచ్చే యత్సుహాషి కొనుక్కుని గదికి వచ్చాం. దానికి అత్తగారు బూరెల చెల్లెలు అని పేరు పెట్టారు.

ఒక పొరపాటు కూడా రాయాలి. ఆ రోజే, స్టేషను దగ్గర ఒక హోటల్లో మావారు ఫోనులో పెట్టుకున్న మాట చూపించకుండా "వెజ్, వెజ్" అని ఊదోన్ చెప్పారు. గిన్నె మీద చేప తురుము ఆవిరికి గాల్లో నాట్యం చేస్తూ వచ్చింది. ఆ రాత్రి అందరికీ పెరుగన్నం, ఆవకాయ. అదే అన్నిటికన్నా బాగుంది.

21: నాని తమ్ముడూ, దీపాలు. అయిదు గంటలకి లేచి స్నానాల తొట్టిలో నీళ్లు పట్టాం. వంద యెన్ల షాపు ప్లాస్టిక్ గిన్నెల్లో బ్యాటరీ దీపాలు పెట్టి వదిలారు. లైటు ఆర్పేస్తే గోడల మీద నీటి నీడలు కదిలాయి. పోలి కథ కూడా చెప్పారు. అందులో అత్తగారు కోడల్ని పెట్టే బాధల భాగం ఎప్పట్లాగే గబగబా దాటించేశారు.

ఏడింటికి తోజి సంత. అత్తగారు రాతి ఉప్పు అనుకుని కొన్నది బట్టల సోడా అని తేలింది. తర్వాత ఆ మండపంలోకి వెళ్లాం. లోపల చలి, మసక. మాస్టారు చెప్పకుండా ఆపింది ఇదేనని నాకు అప్పుడర్థమైంది. ఆవిడ నడుస్తూ నడుస్తూ హంసల దగ్గర ఆగిపోయారు. ముఖాలు లెక్కపెట్టారు. అక్కడే చేతులు జోడించి చాలాసేపు ఉండిపోయారు. బయటికి వచ్చాక ఒక్కటే అన్నారు: "మా నాన్న చూస్తే బాగుండేది. చేబ్రోలు దాటి ఎక్కడా లేడనుకునేవాడు."

---

రిటైర్డ్_మాస్టారు
నవంబరు 28, ఉదయం 6:30

అమ్మా, రెండుసార్లు చదివాను. వేణువు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

---

సూట్‌కేసు_సూరి
నవంబరు 28, ఉదయం 9:44

సరే. మార్చిలో మళ్లీ వెళ్తున్నాం. తోజి ఎన్నింటికి తెరుస్తారు?

---

నగోయా_నాని
నవంబరు 28, ఉదయం 9:50

ఎనిమిదికి. వేరే చర్చ మొదలుపెట్టు అన్నా. ముందు లిస్టు రాయకు, ఎన్ని రోజులో చెప్పు.

---

ఒసాకా_కోడలు
నవంబరు 28, మధ్యాహ్నం 12:10

శైలజగారూ, మీవారు ఇచ్చిన గోంగూర సీసా నిన్నటితో ఖాళీ. సూరి గారూ, మార్చిలో ఏ తేదీ అన్నారు?